పిల్లల మనసుకూ మార్కులా?

(విజయవాడ దగ్గర ఓ రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ స్టాఫ్‌రూమ్. మనసు ఎలా ఉందో అడిగే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐదు ప్రశ్నల పత్రాన్ని నెలకోసారి విద్యార్థులందరి చేతా నింపించాలని కౌన్సెలర్ ప్రతిపాదన. ఫిజిక్స్ లెక్చరర్ ససేమిరా అంటున్నారు.)

లెక్చరర్: వారానికో టెస్టు, దానికో ర్యాంకు ఉండనే ఉన్నాయి. ఇప్పుడు సంతోషానికి కూడా మార్కులా మేడమ్?

కౌన్సెలర్: మార్కులు కావు సార్. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, లేచేసరికి నిద్ర తీరినట్టుందా, రోజూ చేసే పనుల్లో నాకు ఆసక్తి ఉన్నవి ఉంటున్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే నూటికి ఎంతో తెలుస్తుంది. 50 కంటే తక్కువ వస్తే కూర్చోబెట్టి మాట్లాడాలి. అంతేగానీ జబ్బని ముద్ర వేయడం కాదు. 1998 నుంచి వాడుకలో ఉన్న పత్రమే ఇది.

లెక్చరర్: నాలుగో ప్రశ్న చూడండి. మన హాస్టల్లో పొద్దున ఐదింటికి బెల్లు. రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి పదిన్నర. నిద్ర తీరిందని ఎవరు రాస్తారు? ఆ ప్రశ్న కొలిచేది పిల్లాడి మనసుని కాదు, మన టైంటేబుల్‌ని.

కౌన్సెలర్: కొలవనివ్వండి! నాక్కావలసింది అదే. పిల్లలకు నిద్ర చాలట్లేదని మీటింగ్‌లో నేనెన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోవట్లేదు. సెక్షన్లో సగం మందికి పైగా ఆ ప్రశ్నకి సున్నాలు పెడితే, ఆ కాగితాలు మేనేజ్‌మెంట్ ముందు పెడతాను.

లెక్చరర్: నిజం రాస్తే కదా! కాగితం మీద పేరుండి, వార్డెన్ వరసల మధ్య తిరుగుతుంటే అందరూ ఐదులే పెడతారు. తక్కువొస్తే ఇంటికి ఫోన్ వెళ్తుందని వాళ్ల భయం. మానసిక ఇబ్బంది ఉందేమో చూడ్డానికి పెద్దవాళ్లకి వాడే గోల్డ్‌బర్గ్ పన్నెండు ప్రశ్నల పత్రం సంగతీ అంతే. 'మామూలు కంటే ఎలా ఉన్నారు' అని అడుగుతుంది. రెండేళ్లుగా టెన్షన్‌లోనే ఉన్నవాడికి టెన్షనే మామూలు. 'మామూలుగానే' అని టిక్కు పెడితే సున్నా పడుతుంది, అందులో సున్నా అంటే బాగానే ఉన్నాడని లెక్క.

కౌన్సెలర్: ఆ లోపం నిజమే. అందుకే నేను దాన్ని ఎంచుకోలేదు, ఈ పత్రం మామూలుతో పోల్చమనదు. భయం అంటారా, పేర్లు లేకుండా నింపిద్దాం. పైన సెక్షన్ ఒక్కటే రాయాలి.

లెక్చరర్: మరి నూటికి 12 వచ్చిన పిల్లని ఎలా వెతుకుతారు? పేరుంటే అబద్ధం రాస్తారు, లేకపోతే ఎవరో తెలీదు.

కౌన్సెలర్: దీని గురించి చాలా ఆలోచించాను సార్. పత్రంతో పాటు విడిగా ఓ చీటీ ఇద్దాం. మాట్లాడాలనుకున్నవాళ్లే పేరు రాసి డబ్బాలో వేస్తారు, తాళం నా దగ్గరే ఉంటుంది. పత్రం కాలేజీ గురించి చెప్తుంది, చీటీ పిల్లల గురించి చెప్తుంది.

లెక్చరర్: చీటీ వేసినవాళ్లకి మీరెప్పుడు దొరుకుతారు? తొమ్మిది వందల మందికి మీరొక్కరు. విశాఖలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి చనిపోయిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు ఏమంది? వంద మంది, అంతకు మించి ఉన్నచోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలంది. మనవాళ్లు ఆ ఒక్కరితోనే సరిపెట్టేశారు. అడిగి, విని, ఏమీ చేయలేకపోతే ఆ పిల్లలు ఇంకెవరికీ చెప్పుకోరు మేడమ్. నా భయం అదే.

కౌన్సెలర్: మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టొద్దని కూడా అదే తీర్పులో ఉంది, దాన్నీ ఇక్కడ పాటించట్లేదు. లెక్కలు లేకపోతే ఎవరు కదులుతారు సార్? 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో. అందులో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మన పెద్దవాళ్ల పరిస్థితే అందులో లేనప్పుడు, హాస్టల్ పిల్లల సంగతి మనం కాకపోతే ఎవరు అడుగుతారు?

లెక్చరర్: అయితే చీటీ వేసిన రోజే పిలుస్తానని రాసివ్వండి. ఒప్పుకుంటాను.

కౌన్సెలర్: ఒక్కదాన్నే అయితే రాసివ్వలేను. ఇంకో ఇద్దరు కౌన్సెలర్లు కావాలని లెటర్ రాశాను. మీరూ సంతకం పెట్టండి.

లెక్చరర్: ఇప్పుడే పెడతాను. కానీ వాళ్లొచ్చేదాకా చీటీల డబ్బా వద్దు.

కౌన్సెలర్: డబ్బా ఆపుతాను. ఈలోపు ప్రతి గది తలుపు మీదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాయిస్తాను, హాస్టల్ ఫోన్ నుంచి చేసుకోనివ్వాలి. పేర్లు లేని పత్రం మాత్రం ఈ నెలే పెడదాం. పబ్లిక్ పరీక్షలు దగ్గరకొచ్చేశాయి.

లెక్చరర్: పెట్టండి. వార్డెన్ని హాల్లోకి రానివ్వకండి.