లాగుడు మోకు గారికి, దిగబడినవాడు రాయునది

మహారాజశ్రీ మోకు గారి దివ్యసముఖమునకు,

నిన్న రాత్రి నుంచి మా గరాజ్‌లో కొక్కేనికి వేలాడుతూ చుక్కచుక్కగా నీళ్లు కారుస్తున్నారు. మీ పేటల మధ్య ఫిర్ చెట్ల ఆకులు సూదుల్లా ఇరుక్కుని ఉన్నాయి. మా ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసి, "ఈ తాడుకా నూట యాభై డాలర్లు?" అంది. తాడు అనకూడదు, దిగబడిన బండిని లాగే కైనెటిక్ రికవరీ రోప్ అనాలని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను.

కొన్న నాటి నుంచి రెండేళ్లుగా మీరు డిక్కీలోనే ఉన్నారు. మెడలో లేబుల్ కూడా తీయలేదు. ఈ రెండేళ్లలో మీరు చూసిన అడవులు ఏవంటే మా సియాటిల్ వైపు కాస్ట్‌కో దుకాణం పార్కింగు, బాతెల్ గుడి పార్కింగు, పిల్లల కూచిపూడి క్లాసు పార్కింగు.

మొత్తానికి నవంబర్ చివర, థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం మీకు మంచిరోజు వచ్చింది. ఆరు బండ్లు, అందరం తెలుగువాళ్లమే. తెల్లవారుజామునే ఐ-90 హైవే ఎక్కి, 3,022 అడుగుల స్నోక్వాల్మీ కనుమ దాటి, క్లీ ఎలమ్ ఊళ్లో కాఫీ తాగి, యూఎస్ 97 రోడ్డు మీదుగా లిబర్టీ వైపు అడవి రోడ్డు పట్టాం. ఇంట్లో చెప్పిన వంక క్రిస్మస్ చెట్టు. అటవీ శాఖకి 5 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకుంటే మన చేత్తో మనమే చెట్టు కొట్టుకోవచ్చు. ఆ 5 డాలర్ల చెట్టు కోసం ఒక్కొక్కడి బండి మీద ఉన్న సామాను లెక్కేస్తే, మా ఊళ్లో అరెకరం వస్తుంది.

బండి నుంచి బండికి మాట్లాడుకోవడానికి జీఎంఆర్ఎస్ రేడియోలు కూడా ఉన్నాయండోయ్. లైసెన్సు 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది, పరీక్ష లేదు, ఇంటిల్లిపాదికీ అదే. అంత రాజముద్ర ఉన్న రేడియోలో పొద్దున్నుంచి వినబడిన ముఖ్యసమాచారం: "అన్నా, పులిహోర ఎవరి బండిలో ఉంది? ఓవర్."

మంచు మొదలైన చోట ఆగి టైర్లలో గాలి తీశాం. 35 పీఎస్ఐ నుంచి 15కి. గాలి తగ్గితే టైరు పరుచుకుని మంచు మీద తేలుతుందట. ఇరవై నాలుగు టైర్లు ఒకేసారి బుస్సుమంటుంటే నాగులచవితి పుట్ట దగ్గర నిలబడినట్టు ఉంది. వేళ్లు మొద్దుబారి వాల్వు మూత ఒకటి మంచులో పడింది. అది వెతకడానికి పావుగంట.

ఇక్కడ మీతో ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి గంట ఎవరి బండీ దిగబడలేదు. పైకి అందరం "జాగ్రత్త బావా, లైన్ చూసుకో" అంటున్నాం గానీ, లోపల ప్రతివాడి చూపూ పక్కవాడి చక్రం మీదే. ఎవడో ఒకడు దిగబడాలి. ఆ ఒక్కడు తను మాత్రం కాకూడదు. ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లి వస్తే ఆ రోజుకి వీడియో ఏముంటుంది? పారలు ఎందుకు, మీరెందుకు?

ఆ పుణ్యం నేను కట్టుకున్నాను. ఫోటో కోసం కాస్త కుడికి జరిగాను. రోడ్డునీ పక్కనున్న కాలవనీ మంచు ఒకే తెల్ల దుప్పటి కింద పడుకోబెట్టిందని నాకు తెలియదు. కుడి చక్రాలు జారాయి. కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. చక్రం తిరిగినకొద్దీ కింద మంచు కరిగి అద్దంలా గడ్డకట్టింది. బండి పొట్ట మంచు దిబ్బ మీద కూర్చుంది. చక్రాలు ఊయల్లో పిల్లాడి కాళ్లలా గాల్లో ఆడాయి.

చుట్టూ ఐదుగురు, పదకొండు సలహాలు. గుంటూరు నుంచి వచ్చిన మా మామయ్యగారు మంకీ క్యాప్ సర్దుకుంటూ దిగి, "నల్లరేగడిలో ఎడ్లబండి దిగబడితే మేం ముందు బస్తాలు దించేవాళ్లం, తర్వాత పారతో మట్టి తీసేవాళ్లం. మీరేంటి బాబూ, ముందు ఫోన్లు తీశారు?" అన్నారు. చివరికి పొట్ట కింద మంచు తవ్వింది ఎక్కువగా ఆయనే.

ఒక మహానుభావుడు మిమ్మల్ని ట్రైలర్ తగిలించే గుండుకి కట్టబోయాడు. అది విరిగితే ఫిరంగి గుండే. మరొకరు ఆపి, చాసిస్ కొక్కేనికి తగిలించారు. అందరినీ దూరం తోలారు. లాగబోయే వాడి ముఖం చూడాలి. పీటల మీద కూర్చోబోయే పెళ్లికొడుకు కూడా అంత వెలగడు.

మీరు మాత్రం ఏ హడావిడీ లేకుండా సాగారు. మామూలు గొలుసైతే ఒక్కసారిగా గుంజి ఏదో ఒకటి ఊడబెరికేది. మీరు నైలాన్ మనిషి. ముప్పై శాతం వరకూ సాగి, ఆ ఊపు కడుపులో దాచుకుని, మెల్లగా తిరిగి ఇస్తారు. ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత ఎవరో చెయ్యి పట్టుకుని లేపినట్టు బండి రోడ్డు మీదికి వచ్చింది. చప్పట్లు మీకు రాలేదు, లాగినవాడికి వచ్చాయి. నాకు "ఫర్లేదు బ్రో, అందరికీ అవుతుంది" వచ్చింది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత ఇటుకలా బిగిసిన పులిహోర తిని ఇంటికొచ్చాం. చెట్టు మాట ఎవరికీ గుర్తులేదు. పర్మిట్ గ్లవ్ బాక్స్‌లోనే ఉంది.

ఇట్లు,
మీ రెండో కొసన వేలాడిన
నాలుగో బండి ఓనరు

తా.క.: డిసెంబర్‌లో ఆ దారుల్లో కొన్నింటిని మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్ల వాళ్లకి వదిలేయాలి గనక, ఇంకో రోడ్డు చూసుకుని వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. చెట్టు కోసమే. ఈసారి మీ మొదటి కొస నా బండి వెనక కొక్కేనికి ఉండేలా కటాక్షించగలరు.