మరుగుజ్జు చేతి గొడ్డలికి ఒక విన్నపం

మహారాజశ్రీ మరుగుజ్జు చేతి గొడ్డలి వారి దివ్య సముఖమునకు,

విజయనగరము నుండి ఒక మేనమామ వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. గురజాడ తిరిగిన ఊళ్లో కూర్చుని ఇంతకు మించి గ్రాంథికం రాయడం బాగుండదు కనుక ఇక్కడి నుంచి మామూలు భాషలోకి వస్తున్నాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు తన ముగ్గురు స్నేహితులతో మేడ మీద గదిలో, ఒక్కొక్కరు ఒక్కో కథాపాత్రగా మారి పాచికలు వేస్తూ ఆడే ఆట పరిచి, ఒక మనిషి తక్కువయ్యాడని నన్ను కూర్చోబెట్టిన సంగతి తమకు తెలిసే ఉంటుంది. ఆ గదిలో నాకంటే ముందు తమరే ఉన్నారు. ఎత్తు విషయంలో కొంత చుట్టరికం ఉంది కనుక నేను డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు, పాత్రను కోరుకున్నాను. చేతికి ఏం కావాలని అడగకుండానే మావాడు కాగితం మీద ‘గొడ్డలి’ అని రాసేశాడు. నాకు బల్లెం కావాలన్నాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఏటి మావయ్యా, డ్వార్ఫంటే గొడ్డలే గదా, బల్లెమేటి?” అన్నాడు మావాడు. రెండు గంటలకు మొదలైన వాదన కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయేదాకా సాగింది. అయిదింటికి నేను ఓడిపోయాను.

అయ్యా, తమరు చెట్లు కొట్టే పనిముట్టు. ఇది తమ వంశాన్ని కించపరచాలని అంటున్న మాట కాదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను కోసం చింతమానుకు పూజ చేసి కొట్టేటప్పుడు చేతులు జోడించే వాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ కథల్లో మరుగుజ్జులు ఉండేది కొండ కడుపులో, ఎండ పొడ సోకని చోట, ఒక్క చెట్టు కూడా మొలవని చోట. మా జిల్లాలో గర్భాం, గరివిడి వైపు మాంగనీసు గనులున్నాయి. రాయిని కదిలించాలంటే గునపం, పలుగు, సమ్మెట, ఉలి కావాలి గాని, గొడ్డలి భుజాన వేసుకుని గనిలోకి దిగే వాణ్ణి చూస్తే మేస్త్రీ ముందుగా అడిగేది ‘ఎవరి మీద కోపం, నాయనా?’ అనే. గని కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలను చెక్కడానికి గొడ్డలి అక్కర్లేదా అని తమరు అడగవచ్చు. ఒప్పుకుంటాను. జర్మనీలోని సాక్సనీ గని కార్మికులు ‘బార్టె’ అనే చిన్న గొడ్డలిని ఊరేగింపుల్లో భుజాన పెట్టుకుని నడిచేవారని కూడా తమ తరఫున నేనే చెబుతాను. కానీ ఊరేగింపులో పట్టుకున్న ప్రతిదాన్నీ యుద్ధానికి పట్టుకెళ్తామా?

ఆటలో నా పాత్ర ఒక సొరంగంలోకి దిగినప్పుడు వెడల్పెంతని అడిగాను. అయిదడుగులన్నాడు మావాడు. అయిదడుగుల సొరంగంలో, పక్కన ఇంకో మనిషి ఉండగా, గొడ్డలిని భుజం వెనక్కి తీసి విసరడానికి చోటెక్కడుంది? కామ వెనక గోడకు కొట్టుకుంటుంది, అంచు పైకప్పుకు తగులుతుంది, మిగిలితే పక్కవాడి చెవికి తగులుతుంది. బల్లెమైతే ముందుకు పొడిస్తే చాలు. చేతులు పొట్టివైన వాడికి శత్రువును దూరంగా ఆపే ఆయుధం కావాలని ఎవరికైనా తట్టాలి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్న మన సామెత ఏ దేశపు పొట్టివాళ్లకైనా వర్తించేదే అయితే, వాళ్లు తమరిని ఎప్పుడో మూలన పడేసి ఉండేవారు. ఈ మాటే అంటే, “అలా అడక్కూడదు మావయ్యా” అన్నాడు మావాడు.

ఎందుకు అడక్కూడదు? ఈ మరుగుజ్జుల పుట్టిల్లు ఉత్తర ఐరోపా పురాణాలు. 13వ శతాబ్దపు ఐస్లాండ్ పండితుడు స్నోర్రి స్టుర్లుసన్ చెప్పిన కథలో ఇవాల్ది కొడుకులైన మరుగుజ్జులు ఓడిన్ దేవుడికి గుంగ్నిర్ అనే బల్లెం చేసి ఇచ్చారు. బల్లెం, అయ్యా! బ్రొక్, సింద్రి అనే మరుగుజ్జు అన్నదమ్ములు థోర్ దేవుడికి మ్యోల్నిర్ అనే సుత్తి చేశారు. ‘లోకి’ అనే జిత్తులమారి దేవుడు ఈగ రూపంలో వచ్చి కొలిమితిత్తులు ఊదుతున్నవాడి కనురెప్పను కుట్టడం వల్ల దాని పిడి పొట్టిదైపోయింది. టిర్ఫింగ్ అనే శాపగ్రస్త ఖడ్గమూ మరుగుజ్జుల చేతి పనే. ఈ పద్దులో తమ పేరు లేదు. పైగా వాళ్లు చేసేవాళ్లే గాని వాడేవాళ్లు కారు. కొలిమి దగ్గర చెమట వాళ్లది, ఊరేగింపు దేవుళ్లది.

మరి తమరు ఎలా దూరారు? వైకింగుల చేతిలోంచి. ఖడ్గానికి కావలసినంత ఇనుము గొడ్డలికి అక్కర్లేదు. కట్టెలు కొట్టుకునేది ఎలాగూ ఇంట్లో ఉంటుంది కనుక పేదవాడు దాన్నే పట్టుకుని యుద్ధానికి వెళ్లేవాడు. అంటే ఇనుము చాలని వాడి ఆయుధాన్ని తెచ్చి ఇనుము మీద పడుకునే వాడి చేతిలో పెట్టారన్న మాట. ఈ మరుగుజ్జులను నవలల్లోకి తెచ్చిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్ కూడా మొదట్లో ఇంత పట్టుదలకు పోలేదు. 1937 నాటి ‘హాబిట్’ నవలలో డైన్ అనే మరుగుజ్జు నాయకుడి వెంట వచ్చిన మరుగుజ్జు సైన్యం రెండు చేతులతో ఎత్తే బరువైన పలుగులతో, నడుముకు పొట్టి కత్తులతో వస్తుంది, థోరిన్ అనే మరో మరుగుజ్జు అడవిలో జింకను విల్లెక్కుపెట్టి కొడతాడు. 1954లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గిమ్లీ అనే మరుగుజ్జు గొడ్డలితో రంగప్రవేశం చేశాక మిగతా పనిముట్లన్నీ అటకెక్కాయి.

ఆ తరువాత ఆటల వాళ్లు శాసనాలు రాశారు. 1981 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రల ఆట ప్రాథమిక నియమాల్లో మరుగుజ్జు పొడవైన విల్లును ముట్టుకోకూడదు. 2014 కూర్పులో అతనికి రెండు రకాల గొడ్డళ్లు, రెండు రకాల సుత్తులు పుట్టుకతోనే వచ్చేస్తాయి. పుట్టుకను బట్టి పనిముట్టు, పనిముట్టును బట్టి బతుకు! ఈ ఏర్పాటు మాకు కొత్త కాదు, అందుకే కడుపు మండుతోంది. 2024 కూర్పులో ఆ నియమాన్ని ఎత్తేశారు. కానీ చట్టం పోయినా ఆచారం పోదన్నది మేడ మీద గదిలో నిన్న మరోసారి రుజువైంది.

మాకూ ఒక పొట్టివాడు ఉన్నాడు. దశావతారాల్లో అయిదోవాడు, గొడుగు, కమండలం పట్టుకుని వచ్చి మూడడుగుల్లో పని ముగించుకుని వెళ్లాడు. గొడ్డలి పట్టినవాడు ఆరోవాడు. ఇద్దరినీ ఒకే ఒంట్లో కుక్కాలన్న ఆలోచన మా వాళ్లెవరికీ రాలేదు.

తమ సహచరుడు సుత్తిగారి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, ఆయన కొలిమి నుంచి వచ్చినవాడు. గడ్డం సంగతి, తాగుడు సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

ఒక్కటి మాత్రం దాచడం ధర్మం కాదు. రెండోసారి కరెంటు వచ్చాక, ఓడిపోయి తమరినే చేతబట్టి గాబ్లిన్ అనే భూతం మీదికి వెళ్లినప్పుడు, నా ఇరవై ముఖాల పాచిక మీద ఇరవైకి ఇరవై పడింది. పిల్లలు నలుగురూ లేచి అరిచిన అరుపుకు కింద వంటింట్లోంచి మా అక్క పరుగెత్తుకొచ్చింది. నేను కూడా అరిచాను. ఆ క్షణంలో సొరంగం వెడల్పు గుర్తుకు రాలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ ఆట ఉంది. తమరు వీపున వేలాడవచ్చు, నాకు అభ్యంతరం లేదు. చేతిలో మాత్రం బల్లెమే ఉంటుంది. కాగితం మీద గొడ్డలి కొట్టేసి, పెన్నుతోనే రాసి ఉంచాను.

చిత్తగించవలెను,
విజయనగరం నుంచి ఒక పొట్టి మేనమామ