మా హాస్టల్‌కి ఎన్ని నక్షత్రాలు?

మా యూనివర్సిటీలో కొత్త హాస్టల్ కట్టి రెండేళ్లయింది. అది మామూలు హాస్టల్ కాదు, కరెంటు, నీళ్లు పొదుపు చేస్తుందని నక్షత్రాల రేటింగ్ ఇచ్చిన హరిత భవనం. ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డు చుట్టూ రాత్రంతా లైట్లు వెలుగుతాయి. చీకట్లో హరితం కనిపించదు కదా!

నేను ఆ హాస్టల్ పర్యావరణ కమిటీలో సభ్యుణ్ణి. అడిగి చేరలేదు. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారని పైనుంచి కాగితం వస్తే సంతకం పెట్టాను. న్యాక్ వాళ్ల ప్రమాణాల్లో సౌర విద్యుత్తు, నీటి పొదుపు, చెత్త నిర్వహణ, పచ్చని ప్రాంగణం అన్నీ వస్తాయి. అందుకే మాకు ప్రకృతి మీద ప్రేమ అయిదేళ్లకోసారి, వాళ్ల తనిఖీ బృందం, అదే పీర్ టీమ్, రావడానికి సరిగ్గా మూణ్ణెల్ల ముందు పొంగుకొస్తుంది.

ముందుగా హైదరాబాద్‌లోనే ఉన్న సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసొచ్చాం. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన భవనం. అంతకు ముందే హరిత భవనాలకిచ్చే అమెరికా రేటింగ్ 'లీడ్'లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం గుర్తింపు తెచ్చుకుంది, అమెరికా బయట అదే మొదటిది. నడిమధ్య ఖాళీ ప్రాంగణం, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు, వాడిన నీళ్లను మొక్కల వేళ్లతో శుభ్రం చేసే ఏర్పాటు, అన్నీ శ్రద్ధగా చూశాం. తిరిగొచ్చాక మాకు వీలైనంత అమలు చేశాం. అంటే, ఆ భవనం ముందు దిగిన గ్రూప్ ఫొటోకి ఫ్రేము కట్టించి వార్డెన్ గదిలో తగిలించాం.

లెక్కలు రానివాళ్లు మమ్మల్ని ఎగతాళి చేస్తారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే లీటరు నీళ్లు. మా డాబా వెయ్యి చదరపు మీటర్లు. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. వెరసి 8 లక్షల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున 300 మందికి దాదాపు ఇరవై రోజుల నీళ్లు! ఈ లెక్క ఎక్సెల్‌లో రంగులతో సహా ఉంది. ఇంకుడు గుంత కూడా ఉంది. డాబా మీంచి దిగే పైపు మాత్రం గుంతకి రెండు గజాల ఇవతల ఆగిపోయింది. ఆ రెండు గజాలు వేరే టెండరు. ప్రస్తుతానికి వాన నీళ్లు మెస్ గుమ్మంలోకి వస్తున్నాయి, తాగే నీళ్లు ట్యాంకర్లో వస్తున్నాయి.

సోలార్ వేడినీళ్ల మీద కూడా పిల్లలకి అవగాహన తక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే చేయి కాలుతుంది, అప్పుడెవరూ మెచ్చుకోరు. డిసెంబర్ పొద్దుటే వేడినీళ్లు రావట్లేదని మాత్రం ఫిర్యాదు. వస్తాయి, కాకపోతే డాబా మీంచి కింది అంతస్తుదాకా పైపులో రాత్రంతా నిలవున్న చన్నీళ్లు ముందు ఖాళీ కావాలి. మొదట లేచినవాడు మూడు బకెట్లు తూములోకి వదిలేస్తాడు. నాలుగోది గోరువెచ్చబడే వేళకి తలుపు అవతల్నుంచి "అన్నా, అయిపోయిందా?" అని కేక. అన్న విసుక్కుని గదికెళ్లి మంచం కింద నుంచి హీటర్ రాడ్ తీస్తాడు. ఆ రాడ్ల అంశం కమిటీ పరిశీలనలో ఉంది.

ఫ్యాన్లు మాత్రం నిజంగా మంచివి, ఇందులో వెటకారం లేదు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఈ బీఎల్‌డీసీ ఫ్యాను 30కి కాస్త అటూ ఇటూగా తిరుగుతుంది. రెగ్యులేటర్ ఉండదు, రిమోట్ ఉంటుంది. అన్నీ ఒకే కంపెనీవి కాబట్టి ఏ రిమోట్‌కైనా ఏ ఫ్యానైనా పలుకుతుంది. మెస్ సెక్రటరీ ఎన్నికలో ఓడిపోయిన కుర్రాడొకడు రాత్రి రెండింటికి వరండాలో నడుచుకుంటూ కిటికీల్లోంచి రిమోట్ పెట్టి ఆరు గదుల ఫ్యాన్లు ఆపేశాడు. ఆ రాత్రి ఆదా అయిన కరెంటుని నివేదికలో చేర్చాం.

ఇక పచ్చదనం. కట్టడానికి అడ్డమని వేపచెట్టు కొట్టేశాం. బదులుగా వరసగా కోనోకార్పస్ నాటాం. ఆ చెట్టు పుప్పొడితో ఎలర్జీలొస్తాయని తర్వాత గోల మొదలైంది, పీకించాం. నాటేటప్పుడు ఒక ఫొటో, పీకేటప్పుడు ఒక ఫొటో. రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి, పర్యావరణ పరిరక్షణ అని.

పక్కనే పాత హాస్టల్ ఉంది. మూరెడు మందం గోడలు, ఎత్తయిన కప్పు, పడమటి ఎండ గదిలోకి రాకుండా పొడుగాటి వరండా. ఏప్రిల్‌లో కూడా అక్కడ మధ్యాహ్నం నిద్ర పడుతుంది. దానికి ఒక్క నక్షత్రమూ లేదు, దరఖాస్తు పెట్టినవాడు లేడు మరి. కొత్తదానికి ఎలివేషన్ బాగుండాలని పడమటంతా అద్దాలు పెట్టాం. ఆ వైపు గదుల్లో బట్టలు అరగంటలో ఆరిపోతాయి. డ్రయ్యర్ ఖర్చు మిగిలింది.

అసలు ఘనత వేరే ఉంది. ముగ్గురికి కట్టిన గదిలో ఆరుగురుంటున్నారు. ముగ్గురు రికార్డుల్లో ఉన్నవాళ్లు, ముగ్గురు నాన్ బోర్డర్లు. పీజీ అయిపోయి నాలుగేళ్లయినా గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం కాచుకున్నవాళ్లు. ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక బకెట్, మెస్ నుంచి వచ్చే ఒక ప్లేటు అన్నంలో ఇద్దరు. తలసరి వినియోగంలో మమ్మల్ని కొట్టే భవనం దేశంలో ఉండదేమో. నివేదికలో ఈ పేరా రాయబోతే వార్డెన్ గారు నా పెన్ను పట్టుకుని ఆపారు. "సార్, ఆ ముగ్గురు లేరు కదా" అన్నారు. నిజమే, లేరు.

రీడింగ్ హాల్లో సెన్సర్ లైట్లు పెట్టించాం. కదలిక లేకపోతే పది నిమిషాలకి ఆరిపోతాయి. చదువుకునేవాడు కదలడు. అందుకని పిల్లలు గోడ మీద డ్యూటీ చార్టు అతికించుకున్నారు: ఎనిమిది నుంచి తొమ్మిది ఒకడు, తొమ్మిది నుంచి పది ఇంకొకడు. డ్యూటీలో ఉన్నవాడు మధ్యమధ్య లేచి రెండు చేతులూ ఊపి కూర్చుంటాడు, పాలిటీ పుస్తకంలోంచి చూపు తిప్పకుండానే.

ఆఖరి రోజు చీకటి పడ్డాక పీర్ టీమ్ అటు వచ్చింది. అద్దాల తలుపు అవతల పెద్దాయన ఆగారు. సరిగ్గా అప్పుడే లోపల ఒకడు లేచి చేతులు ఊపాడు. పెద్దాయన మొహం విప్పారింది. ఆయనా చేయి ఊపి, "పిల్లల్లో ఎంత ఆప్యాయత!" అంటూ డైరీ తీసి ఏదో రాసుకున్నారు.