మెడకో డోలు

(హాలు. కుట్టు మిషన్ మీద ఉండాల్సిన గుడ్డలన్నీ కుర్చీలోకి వెళ్ళిపోయాయి. మిషన్ మీద ఒక మోటార్ సైకిల్ చక్రం ఉంది. దాని కింద ఆవిడ ఉతికి మడతపెట్టిన దుప్పటి.)

ఆవిడ: ఏమండీ, ఏమిటిది?

ఆయన: చక్రం.

ఆవిడ: గుండ్రంగా ఉంటే ఆ మాత్రం పోల్చుకున్నాను. నా మిషన్ మీద ఎందుకుంది?

ఆయన: నేల మీద పెడితే గీతలు పడవూ? ఐదున్నర అంగుళాల వెడల్పు రిమ్మే అది! 180 టైరు, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పుది, పడుతుంది. మన బండికి వేద్దామని.

ఆవిడ: మీ బండికి. ఇప్పుడున్న చక్రానికేమొచ్చింది?

ఆయన: వెనక 130 టైరే! 1984లో కవాసాకీ ఈ జీపీజెడ్ 900ఆర్ తెచ్చినప్పుడు అదే గొప్ప. ముందు 16 అంగుళాల చక్రం, వెనక 18. ఇప్పుడు వెనకనుంచి చూస్తే సైకిల్లా ఉంది.

ఆవిడ: బండి మీద కూర్చున్నవాళ్ళకి వెనక టైరు ఎలా కనిపిస్తుందండీ?

ఆయన: వెనకొచ్చేవాళ్ళకి కనిపిస్తుందిగా.

ఆవిడ: ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం నా దుప్పటి మసి చేశారన్నమాట.

ఆయన: అందం కోసం కాదే. గ్రిప్పు!

ఆవిడ: ఇన్నేళ్ళలో ఎప్పుడైనా జారిపడ్డారా?

ఆయన: లేదు.

ఆవిడ: పోనీ, పాత రిమ్ముకే లావు టైరు తొడిగించుకోండి.

ఆయన: (ఒక్కసారిగా హుషారొచ్చి) అదిగో, అక్కడే పొరబడ్డావ్! సన్న రిమ్ముకి లావు టైరు వేస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి నడినెత్తి పైకి పొడుచుకొస్తుంది. మలుపులో బండి వంచితే అంచు రోడ్డుకి సరిగ్గా ఆనదు. 180 టైరంటే ఐదున్నర రిమ్ము ఉండాల్సిందే.

ఆవిడ: సరే. అది పట్టేంత చోటుందా? కొలిచారా?

ఆయన: చూశాను. కంటికి సరిపోయేలాగే ఉంది.

ఆవిడ: నా జాకెట్టు గుడ్డా కంటితోనే చూసి తెచ్చారు. ఒక చెయ్యికి తక్కువొచ్చింది. (మెళ్ళో టేపు వేసుకుని) పదండి.

(వరండా. ఆవిడ వంగి కొలుస్తోంది. ఆయన టార్చి పట్టుకుని, వెలుగు పడాల్సిన చోట తప్ప అన్నిచోట్లా వేస్తున్నాడు.)

ఆవిడ: చక్రం నడిమధ్య నుంచి చైను లోపలి అంచు దాకా ఎనిమిది సెంటీమీటర్లు, పైన రవ్వంత. 180లో సగమెంత?

ఆయన: తొమ్మిది.

ఆవిడ: ఎనిమిదిలో తొమ్మిది పట్టాలంటే సాగే గుడ్డయినా కావాలి. మీ చైను సాగుతుందా?

ఆయన: సాగుతుంది. కానీ పొడుగ్గా.

ఆవిడ: (ఏమీ అనకుండా చూసింది.)

ఆయన: చైనునే బయటికి జరుపుతాం. ముందు ఆఫ్‌సెట్ స్ప్రాకెట్, అంటే పక్కకి జరిగి ఉండే చైను పళ్ళచక్రం, వెనక స్ప్రాకెట్ కింద ఎడం కోసం స్పేసర్ బిళ్ళ. వేగంలో టైరు కాస్త ఉబ్బుతుంది కాబట్టి ఆ సందు కూడా కలుపుకుని ఒకటిన్నర సెంటీమీటరు జరిపితే చాలు.

ఆవిడ: అంత జరిపితే ఇదిగో, ఇక్కడ ఫ్రేముకి రాసుకోదూ?

(ఆయన చూశాడు. చూసి టార్చి ఆర్పేశాడు.)

ఆయన: పోనీ చక్రాన్నే బ్రేకు వైపుకి జరిపితే?

ఆవిడ: అప్పుడు ముందు చక్రం ఒక గీత మీద, వెనక చక్రం ఇంకో గీత మీద. ఇంట్లో అలాంటి జత ఒకటి చాలదా? అసలీ అడ్డంగా ఉన్న కడ్డీ ఏమిటి?

ఆయన: బ్రేకు వేసినప్పుడు డిస్కుని నొక్కే క్యాలిపర్ తిరిగిపోకుండా పట్టుకునేది. అదీ మార్చాలి. ఆ చక్రం బేరింగుల్లో మన ఇరుసు వదులు, కాబట్టి లేత్ మీద ఆ సందు పూడ్చే బుష్షులు చేయించాలి. అంతే.

ఆవిడ: అంతేనా! తా దూర కంత లేదు, మెడకో డోలట. (కాగితం తీసి) పాత టైరు ఎత్తు ఎంత?

ఆయన: పక్కగోడ ఎత్తు వెడల్పులో ఇంత శాతమని లెక్క: 130లో 80 శాతం, అంటే 104. కిందా పైనా కలిపి 208. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457. మొత్తం 665 మిల్లీమీటర్లు.

ఆవిడ: కొత్తది 180లో 55 శాతం. 99, రెండుసార్లు 198. 17 అంగుళాలకి 432. మొత్తం 630. అంటే వెనక దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది.

ఆయన: మంచిదేగా. నీకు ఎక్కడం సులువు.

ఆవిడ: నేనెక్కితేగా! వెనక కూలబడితే ముందు ఫోర్కు వాలిపోదూ? హ్యాండిల్ తిప్పితే బద్ధకంగా తిరుగుతుంది. పైగా లావు టైరుని అదే మలుపులో అదే వేగానికి ఇంకా ఎక్కువ వంచాలి. గ్రిప్పు కోసం కొన్నది బండిని నేలకి ఇంకా దగ్గర చేసింది.

ఆయన: ఇవన్నీ నీకెవరు చెప్పారు?

ఆవిడ: పదేళ్ళుగా మీరే. నిద్రలో కూడా.

(మూడు వారాలు గడిచాయి. ఐదున్నర రిమ్ము మంచం కిందికి చేరింది. దాని బదులు నాలుగున్నర రిమ్ము, 150 వెడల్పు, అందులో 70 శాతం గోడ, 17 అంగుళాల టైరు వచ్చాయి. సగం కొలత ఏడున్నర సెంటీమీటర్లే కదా, చైను అయిదారు మిల్లీమీటర్ల దూరంలోంచి పోతోంది. స్పేసర్లు ఎన్నిసార్లు చేయించారో అడక్కండి, ఆయన ముందు ఆ మాట ఎత్తకూడదు.)

ఆయన: ఏమేవ్! త్వరగా రా! వెనకనుంచి చూసి చెప్పు!

ఆవిడ: (వచ్చి) బండెందుకలా పట్టుకుని నుంచున్నారు? సైడ్ స్టాండ్ వెయ్యలేదా?

ఆయన: వేశాను. వేస్తే ఇదివరకులా వాలట్లేదు, నిటారుగా నిలబడుతోంది. కాస్త గాలి వీస్తే అటువైపుకి పోతోంది.

ఆవిడ: బండి 12 మిల్లీమీటర్లు దిగింది, స్టాండు పొడుగు మాత్రం అంతే ఉంది. ఇది నేను ముందే లెక్క కట్టాను.

ఆయన: మరి చెప్పలేదే?

ఆవిడ: అడగలేదుగా. మీరు అడిగింది లావు గురించే.

ఆయన: సరే, స్టాండు తర్వాత చూద్దాం. టైరు ఎలా ఉందో చెప్పు. చెయ్యి నొప్పెడుతోంది.

ఆవిడ: (వెనక్కి వెళ్ళి, తల అటు వంచి, ఇటు వంచి) కనబడట్లేదండీ.

ఆయన: అంత సన్నగా ఉందా?

ఆవిడ: కాదు. మీరు అడ్డంగా ఉన్నారు.