చదవరాని పంక్తులు

వారసత్వ కళ అనగానే మనకు గుర్తులు కావాలి. యూదు కళాఖండమైతే ఆరు కోణాల నక్షత్రమో, ఏడు కొమ్మల దీపస్తంభమో ఎక్కడో ఒకచోట కనిపించాలి. తెలుగుదైతే పూర్ణకుంభమో, చార్మినారో, బతుకమ్మో లేనిదే మనసొప్పదు. ఈ పట్టుదల ఎంత ఇరుకైనదో నాకు తెలియజెప్పింది నేత కళాకారిణి అనీ ఆల్బర్స్ 1965–66లో నేసిన ‘ఆరు ప్రార్థనలు’.

నాజీలు చంపిన అరవై లక్షల యూదుల స్మృతిగా ఒక కృతి చేసిపెట్టమని న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియం ఆమెను కోరింది. ఆమె ఆరు నిలువు పట్టీలు నేసింది. ఒక్కొక్కటి సుమారు 186 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మనిషెత్తు. ఎదుట నిలబడితే ఆరుగురి ముందు నిలబడినట్టే ఉంటుంది. నూలు, నార, వెండి మెరుపు పోగు కలిసిన పడుగు పేకల మీదుగా నల్లని, తెల్లని పోగులు అదనపు పేకగా సాగుతూ, మధ్యలో వంకలు తిరుగుతూ, వెనక్కి మళ్లుతూ నడుస్తాయి. దూరం నుంచి అవి యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలోని పంక్తుల్లా తోస్తాయి, దగ్గరకు వెళితే ఒక్క అక్షరమూ చిక్కదు. నక్షత్రం లేదు, దీపం లేదు, పేరు లేదు. అయినా అది ప్రార్థన కాదని ఎవరూ అనలేరు.

అసలు విశేషం ఇది నేసిన మనిషిలో ఉంది. 1899లో బెర్లిన్‌లో పుట్టిన ఆమెది యూదు మూలాలున్న సంపన్న కుటుంబమే గాని, ఆమె బాప్తిస్మం పొందింది, యూదు ఆచారాల మధ్య పెరగలేదు. ఆమెను యూదుగా తేల్చింది నాజీల లెక్కే. 1933లో భర్త జోసెఫ్‌తో నార్త్ కరొలైనాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వలస వచ్చింది. చిన్ననాడు తనకు ఎవరూ నేర్పని వారసత్వాన్ని అరవై ఐదేళ్ల వయసు దాటాక మగ్గం మీద తానే వెతుక్కుంది.

తర్వాత ఆమె క్రమంగా మగ్గం వదిలి కాగితం మీదికి, ముద్రణ చిత్రాల వైపు మళ్లింది. పోగులతో చేస్తే చేతిపని అంటారు, కాగితం మీద చేస్తే కళ అంటారు అని ఆమె అన్న మాటలో ఎత్తిపొడుపు ఉంది. అది మనకూ తగులుతుంది: మన తెలుగు మహాసభల్లో పోచంపల్లి, ఉప్పాడ చీరల చోటు అమ్మకాల హాలు, చిత్రాల చోటు ప్రదర్శనశాల.

మా ఊరి తెలుగు సంఘం ఏటా పిల్లలకు పెట్టే చిత్రలేఖన పోటీ ప్రకటనలో ‘తెలుగు సంస్కృతి చిహ్నం తప్పనిసరి’ అనే నిబంధన ఉంటుంది. నిరుడు ఒక పాప, తెలుగు చదవడం రాదు, అమ్మమ్మ ఉత్తరంలోని గుండ్రని గీతలను చూసి చూసి ఒక పెద్ద కాగితం నిండా నల్లటి దారం కుట్టి తెచ్చింది. అందులో ఏమి రాసి ఉందో ఎవరికీ తెలియలేదు, చిహ్నం లేదని పక్కన పెట్టారు. న్యాయనిర్ణేతల్లో నేనూ ఉన్నాను, ఆ రోజు నోరు విప్పలేదు. ఈ ఏటి ప్రకటన అచ్చుకు వెళ్లేలోగా ఆ నిబంధన తీసివేయాలని కార్యవర్గానికి ఇప్పుడు రాతపూర్వకంగా కోరుతున్నాను.