కొండపల్లి కాలిబాటకు ముందుగా కావాల్సింది గైడ్లు

చలికాలం మొదలైతే విజయవాడ నుంచి మూలపాడు, కొండపల్లి కొండలకు ఆదివారం ట్రెక్కింగ్ బృందాలు బయల్దేరతాయి. సీతాకోకచిలుకల పార్కు ఒక వైపు, రెడ్డిరాజుల నాటి ఖిల్లా మరో వైపు. మధ్యలో రిజర్వు అడవి. అందులోని దారులన్నీ కలిపి ఒక పొడవైన నడక బాట చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను. కానీ మనదగ్గర ఇలాంటి పని అనగానే ముందుగా ఆర్చి, సిమెంటు మెట్లు, సెల్ఫీ పాయింట్ గుర్తొస్తాయి. మొదటి రూపాయి గైడ్ల మీద పెట్టాలని నా వాదన.

కొండపల్లి అడవిలో మేకల బాటలు అడుగడుక్కీ చీలిపోతుంటాయి. ముళ్లపొదల్లో ముందువాళ్లు మలుపు తిరిగారంటే వెనకవాళ్లకు కనపడరు. ముప్పై మంది బృందంలో కుర్రాళ్లు దూసుకుపోతారు, పిల్లలతో వచ్చినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనకబడతారు. మంచి గైడ్ బాట చీలినచోట ఆగి, చివరి మనిషి కంటపడేదాకా కదలడు. అందరికన్నా వెనక తన మనిషినొకరిని నడిపిస్తాడు. తేనెపట్టు ఉన్న బండ దగ్గర ఎవరినీ అరవనివ్వడు, సిగరెట్ వెలిగించనివ్వడు. సీసాల్లో నీళ్లు తగ్గి ఎండ ముదిరితే, ఖిల్లా ఎదురుగా కనిపిస్తున్నా సరే, అందర్నీ వెనక్కి తిప్పుతాడు. ఆ మాటకు ఎదురు చెప్పకుండా తిరిగిరావాలని బృందానికి ముందే చెప్పి ఉంచాలి.

వారం వారం అదే దారిలో నడిచే మనిషికి బాట ఎక్కడ పాడైందో ఇంకెవరికన్నా ముందే తెలుస్తుంది. వానకు మట్టి కొట్టుకుపోయిన చోటు, కొమ్మ విరిగి అడ్డం పడిన చోటు అతనికి గుర్తుంటాయి. అమెరికాలో అప్పలాచియన్ ట్రయల్ అనే పొడవైన నడక బాట పెరిగింది ఇలాంటి నిఘాతోనే. అటవీ నిపుణుడు బెంటన్ మెకే 1921లో ప్రతిపాదిస్తే 1923లో న్యూయార్క్ దగ్గర మొదటి ముక్క తెరిచారు, 1937కి మొత్తం దారి కలిసింది. 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే ఆ బాటలో ఒక్కో భాగాన్ని ఒక్కో స్థానిక క్లబ్ చూసుకుంటుంది. చెట్లకు తెల్లరంగు పట్టీలు వేసేదీ, పొదలు కొట్టేదీ ఎక్కువగా వాలంటీర్లే.

మనకు మనుషులు లేరా? ఊరివాళ్లే అడవిని చూసుకునే వన సంరక్షణ సమితులు ఈ రాష్ట్రంలో 1990ల నుంచీ ఉన్నాయి. మేకలు కాసేవాళ్లు, బొమ్మల కోసం తెల్ల పొణికి కర్ర ఎక్కడుందో తెలిసినవాళ్లు కొండ కింది ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు ప్రథమ చికిత్స నేర్పించి, నడకకింత అని కూలి కట్టివ్వాలి. ఆ డబ్బు నడిచేవాళ్ల నుంచి రావడమే న్యాయం. అడవికి టికెట్టా అని కొందరు విసుక్కుంటారు. సినిమాకీ, పాప్‌కార్న్‌కీ పెట్టే ఖర్చు మనకు బరువనిపించదు, మనల్ని క్షేమంగా దించే మనిషికి ఇచ్చేదే బరువైపోతుంది! రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం ఎలాగూ నేరమే కాబట్టి ఆ అనుమతి, గైడ్ రుసుము ఒకే చీటీలో ఇస్తే టెన్షన్ ఉండదు.

అటవీశాఖ ఈ చలికాలంలో మూలపాడు వైపు ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టవచ్చు. వారానికి రెండు ఉదయాలు, ఒక్కో బృందంలో ఇరవై మందికి మించకుండా నడిపించాలి. గడ్డి ఎండి నిప్పు భయం మొదలయ్యేసరికి ఆపేయాలి. గుర్తు రాళ్లు ఎక్కడ పాతాలి, దారి ఎక్కడ మళ్లించాలి అన్నది అప్పుడు ఆ గైడ్లనే కూర్చోబెట్టి అడగాలి.