ధర తగ్గిన దొరసాని గారికి

దొరసాని గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. కానీ నా అనుమానమంతా మీ కుశలం మీదే కాబట్టి ఆ మాట ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. మొన్న మీ చుట్టూ ప్రదక్షిణం చేసి, బానెట్ ఎత్తించి, అన్నీ తెలిసినవాడిలా తల ఊపి వెళ్ళింది నేనే. అప్పటినుంచి మిమ్మల్ని కొనాలా వద్దా అని నిద్ర చెడగొట్టుకుంటున్నాను. ఈ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు సంబరంలో మీ పాత్ర ఎంతో, నా బలహీనత ఎంతో తేల్చుకుందామని ఈ లేఖ.

ముందు మీ ప్రకటన సంగతి. ఒకే చేతి మీద నడిచిన బండి అన్నారు. ప్రాణంగా చూసుకున్నాం అన్నారు. మరి అమ్మడం దేనికంటే ఇంట్లో స్థలం చాలడం లేదన్నారు. సర్వీసు పుస్తకం తిరగేస్తే ఒక విచిత్రం కనిపించింది. పెద్ద సర్వీసు గడువు దగ్గర పడేసరికే మీ యజమాని ఇంట్లో స్థలం తగ్గడం మొదలైంది. "చిన్న సెన్సర్ మార్చాలి, అంతే" అని ఇంకో మాట. అంత చిన్నదైతే ఆయనే మార్చేసి ఆ వాక్యం కొట్టేసేవారు కదా? ఏసీకి గ్యాస్ పట్టిస్తే చాలట. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా వాడితే అయిపోయే సరుకు కాదండీ. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పట్టించిన గ్యాస్ కూడా పాత గ్యాస్ పోయిన దారినే పోతుంది.

ఇక మీ ధర. నేను పడిపోయింది అక్కడే. కొత్తలో మీరు ఎంత పలికేవారో నాకు తెలుసు. ఆ రోజుల్లో మీ షోరూం అద్దాల బయట నిలబడి చూడటానికే మొహమాటపడేవాణ్ణి. ఇప్పుడు మీరు ఓ మామూలు కుటుంబం కారు ధరకు దిగొచ్చారు. ఆహా, కాలం ఎంత గొప్పది అనుకున్నాను. తీరా విచారిస్తే, దిగింది మీ ధర ఒక్కటే, హోదా కాదని తేలింది. మీ క్లచ్ ధర దిగలేదు. బ్రేక్ డిస్కుల ధర దిగలేదు. ఒక హెడ్‌లైటు ఖరీదు విని ఫోన్లో సరిగ్గా వినపడలేదేమో అని మళ్ళీ అడిగాను. సరిగ్గానే వినపడిందట. విడిభాగాలు అమ్మేచోట మీ వయసు ఎవరూ అడగరు. వాళ్ళ లెక్కలో మీరు ఇప్పటికీ ఆనాటి దొరసానే. ఇప్పటి ధరకు కొని అప్పటి ధరకు పోషించాలి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

ఈ ముక్క మీ ప్రకటనలో ఎక్కడా లేదు. నాలాంటివాడు మీ వలలో పడేదే ఈ తేడా దగ్గర. కొత్తలో కొన్నాయన మీ తరుగుదల భరించాడు. ఆయనకు ఆ స్తోమత ఉంది. ఆయన ఇచ్చిన ధర ఇవ్వలేనివాళ్ళమే తర్వాత వరుసలో నిలబడతాం. విచిత్రంగా, మీ జబ్బులు కూడా సరిగ్గా మా వంతు వచ్చేదాకా ఆగుతాయి.

మీ పేరు ఇక్కడ రాయను, పరువు గల కుటుంబం. కానీ మీలాంటి స్వభావం ఉన్న ఇతర వంశాల గురించి వాకబు చేశాను. ముందు జపాన్ కంపెనీ మజ్దా వారి స్పోర్ట్స్ కార్లు ఆర్ఎక్స్-7, ఆర్ఎక్స్-8. అందరి ఇంజన్లలో పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతుంటే, వీళ్ళ ఇంజన్లో మూడు మూలల రోటర్ గిరగిరా తిరుగుతుంది. 2003లో అమ్మకానికి వచ్చిన ఆర్ఎక్స్-8 ఇంజన్ సైజు 1.3 లీటర్లు, అందులో పవర్ ఎక్కువున్న రకం నిమిషానికి 9,000 చుట్ల (ఆర్‌పీఎం) దాకా గొంతెత్తుతుంది. రోటర్ మూలల్లో సందు లేకుండా మూసి ఉంచే సీళ్ళు అరిగిపోకుండా ఇంజనే లోపలికి కొద్దికొద్దిగా ఆయిల్ చిమ్ముకుని పెట్రోల్‌తో పాటు కాల్చేస్తుంది. వేరే కారు ఆయిల్ తాగితే జబ్బు. ఈమె తాగితే ఆరోగ్యం, మానేస్తేనే కంగారు పడాలి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, నాలుగడుగులు జరిపి ఆపేశారా, లోపల పెట్రోల్ నిండిపోయి మళ్ళీ స్టార్ట్ కానని మొండికేయవచ్చు. అందుకే పక్కింటాయన "మీ కారు కాస్త జరుపుతారా" అని అడిగితే, ఇంజన్ బాగా వేడెక్కేదాకా అలా రోడ్డు మీద తిప్పుకొచ్చి పెట్టాలి. ఈ వంశంలోని 787బి అనే రేసు కారు 1991లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కారు పందెం గెలిచింది. అంటే ఒక పగలూ ఒక రాత్రీ పరుగెత్తడం వీళ్ళకు లెక్క కాదు. గేటు లోంచి బయటికి జరగమంటేనే కష్టం.

ఈమెను కొనేముందు పరీక్ష చేయించడం కూడా తేలిక కాదు. ఇంజన్ లోపలి ఒత్తిడి కొలిచే మామూలు కంప్రెషన్ మీటర్ చాలదు. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, ఆ మూడింటి సంగతీ విడివిడిగా చెప్పే పరికరం కావాలి. అది ఉన్న మెకానిక్ దొరికితే కారు దొరికిన దానికన్నా పెద్ద అదృష్టం.

తర్వాత పోర్షే. వాళ్ళ 911 కారులో 1990ల చివర్లో వచ్చిన 996 అనే తరం, దాని తోడబుట్టిన బాక్‌స్టర్. ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని తిరిగే కడ్డీ ఒకటి, దాని కొసన అది సాఫీగా తిరగడానికి ఒక బేరింగ్. అరచేతిలో ఇమిడే వస్తువు. అది పోయిందా, ఇంజన్ మొత్తం పోయినట్టే. అన్ని కార్లకూ పోదు, చాలావాటికి పోలేదు కూడా. అదే అసలు టెన్షన్. పోతుందని ఖాయంగా తెలిస్తే మనిషి మనసు గట్టి చేసుకుంటాడు. ఆ బేరింగ్ దాకా చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి. దించాక మెకానిక్ తల గోక్కుంటూ "ఎలాగూ దించాం కదా సార్, క్లచ్ కూడా మార్చేద్దాం" అంటాడు. అప్పుడు కాదనగలిగే మనిషిని నేనింకా చూడలేదు.

ఫెరారీ గడప కూడా ఫోన్లోనే తొక్కాను. 1994లో వచ్చిన ఎఫ్355కు వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి. కారు తిప్పారా, ముసుగేసి ఉంచారా అన్నది బెల్టుకు అనవసరం. దానికి వయసొస్తే మార్చాల్సిందే. తెగితే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. దీని తర్వాత వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక నుంచి బెల్టు అందేలా దారి ఇచ్చారు. ఆ సౌకర్యం గురించి ఆ యజమానులు వరప్రసాదం గురించి చెప్పినట్టు చెప్పుకుంటారు.

ఇదంతా విన్నాక కూడా నాకు బుద్ధి రాలేదు. అందుకు కొంత బాధ్యత మా బావమరిదిది. "బావా, ఇలాంటి బేరం మళ్ళీ రాదు. నువ్వు కొను, చూసుకోడానికి నేను లేనా" అంటాడు. చూసుకోవడమంటే ఆదివారం పొద్దున్నే వచ్చి తాళాలు అడగడం. మా ఆవిడ మీ ఫొటో చూసి, వెనక ఎవరు కూర్చోవాలి అని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. వెనక సీట్లు లేవన్నాను. "మంచిదే, తొయ్యాల్సిన వాళ్ళు బయటే ఉండాలిగా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తెలిసినవాళ్ళు ఇంకో సలహా కూడా ఇచ్చారు. అదే మజ్దా ఇంట్లో ఎమ్‌ఎక్స్-5 ఉంది కదా అన్నారు. పాతకాలం బ్రిటిష్ రెండు సీట్ల కార్ల సరదా అంతా తీసుకుని, వాటి ఆయిల్ కార్చే గుణాన్నీ కరెంటు తిప్పలనూ వదిలేసి 1989లో వచ్చిన కారు. తేలిక, చురుకు, టాపు తీస్తే ఆకాశం. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తాళం తిప్పిన ప్రతిసారీ స్టార్ట్ అవుతుందట. ఇక ఆ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మీరైతే వారానికి సరిపడా కబుర్లు ఒక్క సోమవారమే ఇవ్వగలరు.

సరే, మన మొదటి సమావేశం దగ్గరికి వద్దాం. నేను వచ్చేసరికి మీ బానెట్ వెచ్చగా ఉంది. ఎండకు కాదు, మీరు నీడలోనే ఉన్నారు. పొద్దున్నే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. అసలు రంగు బయటపడేది చల్లని ఇంజన్ మొదటిసారి మేలుకున్నప్పుడే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగైతే పెట్రోల్ ఎక్కువ పోతోంది. తెల్లది మొదట్లో కాస్త ఆవిరిలా వచ్చి పోతే పర్వాలేదు, ఆగకుండా వస్తే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్లోకి దారి చేసుకున్నట్టు. ఆ చూడముచ్చటంతా నేను రాకముందే అయిపోయింది.

తాళం సగం తిప్పాను. స్టార్ట్ చేసే ముందు హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి తాము బతికే ఉన్నామని చెప్పాలి. అన్నీ వెలిగాయి, ఇంజన్ దీపం తప్ప. అది వెలిగి ఆరకపోతే ఒక భయం, అసలు వెలగకపోతే అంతకు రెండింతలు. బల్బు పోయిందేమో అన్నారు మీ యజమాని. ఎంత తెలివైన బల్బో, పోవడానికి భలే చోటు ఎంచుకుంది. కారు కంప్యూటర్‌లోని లోపాల చిట్టా చదివే స్కానర్ పెట్టిస్తే లోపాలేవీ లేవంది. కానీ కారు తనను తాను పరీక్షించుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని కూడా చెప్పింది. అంటే ఈమధ్యే ఎవరో పాత లోపాల చిట్టా తుడిచారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. టైర్ల మీద గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన అచ్చువేసిన చివరి నాలుగు అంకెలు చూస్తే 1813, అంటే 2013లో 18వ వారం తయారీ. రబ్బరు అరగలేదు, గట్టిపడి చెక్కయింది.

"చాలా తక్కువ తిరిగింది సార్" అని మీ యజమాని మురిసిపోయారు. తిరగకపోవడం మీకేమీ మేలు చేయలేదండీ. నిలబడ్డ కారులో సీళ్ళు ఎండుతాయి, పెట్రోల్ పాతబడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. నాకైతే ఎక్కువ తిరిగి, ప్రతి తిరుగుడుకీ బిల్లు దాచుకున్న కారే నయం.

ఇన్ని చూశాక దండం పెట్టి వెళ్ళిపోవాలి. కానీ మీ యజమాని "ఒక రౌండ్ వేయండి" అన్నారు. రెండో గేరులో మీరు ఒక్కసారి గొంతు విప్పారు. అంతే, టైర్ల తేదీ గుర్తులేదు, దీపం గుర్తులేదు. మలుపులో స్టీరింగ్ నా మనసులో మాట విన్నట్టు తిరిగింది. మూడో గేరులో ఎక్కడినుంచో వచ్చిన టకటక శబ్దం కూడా పాటకు వేసిన తాళంలాగే వినిపించింది. ఇది మీ తప్పు కాదు. మిమ్మల్ని చేసిందే అందుకు.

కాబట్టి పూర్తిగా వద్దనలేక కొన్ని షరతులతో వస్తున్నాను. ఈసారి చెప్పకుండా, పొద్దున్నే వస్తాను. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా తగలాలి. మీ మోడల్ చూసిన అనుభవమున్న మెకానిక్ నాతో వస్తాడు. ఆయిల్ ఫిల్టర్ విప్పి కోసి లోపల లోహపు పొడి ఉందేమో, అంటే ఇంజన్లో ఏదైనా అరుగుతోందేమో చూస్తాడు. మీ యజమాని నొచ్చుకుంటే అదే నాకు జవాబు. ఇంజన్ దీపం బల్బు వేయించి ఉంచండి, వెలిగినా పర్వాలేదు. పెద్ద సర్వీసుకయ్యే మొత్తం మీ ధరలోంచి తగ్గాలి. నా వైపు నుంచి, మిమ్మల్ని కొనే డబ్బు కాక ఒక పెద్ద రిపేరుకు సరిపడే డబ్బు విడిగా సిద్ధం చేస్తాను. అది చేయలేకపోతే నేను మిమ్మల్ని కొన్నట్టు కాదు, మొదటి రిపేరు దాకా అద్దెకు తెచ్చుకున్నట్టు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా బేరం లేదు. మా బావమరిదికి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచాను. అతను మాత్రం హెల్మెట్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటున్నాడు.

ఇట్లు,
మీ కాబోయే యజమానో, తప్పించుకున్నవాడో ఇంకా తేలని ఒకడు

తా.క.: రెండో తాళం చెవి ఎక్కడుందని అడిగితే మీ యజమాని మాట మార్చారు. కొత్తది చేయించి, కారు కంప్యూటర్‌కు దాన్ని పరిచయం చేయించడానికి ఎంతవుతుందో కనుక్కున్నాను. దయచేసి సోఫా కింద ఒకసారి వెతకమనండి.